అసలుకంటె వడ్డి ముద్దు

అసలుకంటె వడ్డి ముద్దు అను సామెత తెలుగువారి యిండ్లలో తరచుగా వినబడునది. అప్పిచ్చినవానికి తానిచ్చిన సొమ్ముకంటె దానిపై వచ్చు వడ్డి ప్రీతికరమైనట్లు, తాతకును అవ్వకును తమ బిడ్డలకంటె ఆ బిడ్డల బిడ్డలే యెక్కువ ముద్దని దీని భావము. తాతగారు మనుమని భుజముపై నెక్కించుకొని వీథిలోనికి వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు ఈ మాట చెప్పి నవ్వుదురు, ఆయనయు నవ్వును. అయితే మేము దీనిని పరిహాసపు మాటగా మాత్రమే తలంపము. అసలు నిచ్చినవానికి అది తిరిగి వచ్చునో రాదో యను చింత యుండును. తలిదండ్రుల ప్రేమ యట్టిది. అందు ప్రేమ యెంత గలదో భయమును అంత గలదు. వడ్డి చేతికి వచ్చు నాటికి ఆ చింత చాలవరకు తీరిపోవును; మిగులునది సంతోషమే. తాతయవ్వలు పసిమనుమలతో గడపు కాలము వృద్ధులకు దొరకిన యుబుసుపోక కాదనియు, అది పెద్దలకును పిల్లలకును ఆహారమువలె నవసరమైనదనియు, దానికి వలయు తీరికను కల్పించుట ఇంటివారి విధి యనియు మా యభిప్రాయము. ఈ వ్యాసమున దానినే విన్నవింప దలచితిమి.

ఆ యానంద మెట్టిదో మొదట నిదానించి చూతము. ఏడాది దాటిన బిడ్డ మూడు చక్రముల బండిని పట్టుకొని నడక నేర్చుకొనుచుండును. తాత చేతికర్ర ఊతగా నడచుచుండును. ఇంటిలో నందరిలోను వీరిద్దరి నడకయే ఒక్క వేగము గలది. వీథి చివరనున్న వేపచెట్టువరకు పోయి వచ్చుటకు తండ్రికి రెండు నిమిషములు చాలును. వీరికి అరగంట పట్టును. త్రోవలో చీమలబారు కనబడినచో నిలువవలెను. గోడమీద కాకి వ్రాలినచో దానిని పలుకరింపవలెను. తాతకు చెవులు సరిగా వినబడవు గనుక మనుమరాలు చెప్పినదే మరల బిగ్గరగా చెప్పును. తన మాటను రెండుసారులు చెప్పనిచ్చు వారు ఆ యింటిలో మరియొకరు లేరు గనుక ఆ పాపకు అదియు సంతోషమే.

అవ్వ సంగతియు నట్టిదే. సాయంకాలమున వాకిట మంచముపై గాని, డాబామీద గాని కూర్చుండి, పప్పును నేతిని కలిపిన యన్నమును గోరుముద్దలుగా చేసి, చందమామను చూపుచు తినిపించును. ఇది అత్త ముద్ద, ఇది మామ ముద్ద, ఇది కాకి ముద్ద యని ప్రతి ముద్దకు నొక పేరు పెట్టును. బిడ్డ తినునది పది ముద్దలే యైనను గంటసేపు పట్టును. పిమ్మట పేదరాసి పెద్దమ్మ కథ మొదలగును. బిడ్డ ఊ కొట్టుచుండును. ఆ కథ చెప్పుట అది నలుబదియవసారి కావచ్చును. అందొక్క మాట మారినను అట్లు కాదని బిడ్డయే దిద్దును. కథ చెప్పువారికి ఇంతకంటె శ్రద్ధగల శ్రోత యెచ్చట దొరకును? ఉప్పుమూట యాట యందు తాత వీపున వ్రేలాడుచు, తన్ను కొనువారు లేరని విని కేరింతలు కొట్టు పసివానిని చూచినవారు, ఆ యిద్దరిలో నెవరు చిన్నవారో వెంటనే చెప్పజాలరు.

ఈ సంతోషమునకు కారణమేమి? మా తలంపులో దానికి ముఖ్యకారణము తీరిక. ఆ యింటిలో నందరును ఏదో పనికి పోవలసినవారే. తండ్రికి కచ్చేరి, తల్లికి వంట, లేదా ఆమెకును ఉద్యోగము. అన్నకు బడి, అక్కకు పరీక్ష. ఎచ్చటికిని పోనక్కరలేనివారు ఇద్దరే యుందురు. ఒకరి పని ముగిసినది, ఒకరి పని యింకను మొదలు కాలేదు. వీరి నడుమ లెక్కలు లేవు. బాలుడు రేపు ఏమి కావలెనో యని తండ్రి చూచును. నేడు ఏమై యున్నాడో తాత చూచును. వృద్ధునకును ఇది గొప్ప మేలే. ఉద్యోగ విరమణ చేసిన మనుష్యుని పూర్వపు హోదా పేరున పిలుచువారు నానాటికి తగ్గుదురు. అట్టి సమయమున ఒక పసినోరు ఆయనకు క్రొత్త పేరు పెట్టును. కోస్తా సీమలో తాత, అమ్మమ్మ, నాయనమ్మ, మామ్మ యనియు, రాయలసీమలో అవ్వ, జేజి యనియు, తెలంగాణములో బాపమ్మ యనియు పిలుపులు వేరైనను, ఆ పిలుపు వినినప్పుడు ముడుతలు పడిన ముఖము వికసించుట మాత్రము అన్ని సీమలయందును ఒక్కటే.

పరిశుద్ధ గ్రంథము నెరిగిన మన పాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. నయోమి కరవు కాలమున బేత్లెహేము విడిచి మోయాబు దేశమునకు పోయి, అచ్చట భర్తను, ఇద్దరు కుమారులను కోల్పోయి, వట్టిచేతులతో తిరిగి వచ్చెను. చేదు అని యర్థమిచ్చు మారా యను పేరుతో తన్ను పిలువుడని ఊరివారిని కోరెను. కోడలగు రూతు బోయజును వివాహమాడి బిడ్డను కనగా, నయోమి యా శిశువును కౌగిట నుంచుకొని వానికి దాది యయ్యెను. ఆ ఓబేదు ఆమె కుమారునికి పుట్టినవాడు కాడు. అయినను నయోమికి కుమారుడు పుట్టెనని పొరుగు స్త్రీలు సంతోషించిరి. యాకోబు కన్నులు మందగించిన ముదిమియందు, యోసేపు తన యిద్దరు కుమారులను ఆయన యొద్దకు తీసికొనివచ్చెను. చనిపోయెనని తలంచిన కుమారుని ముఖము మరల చూతునని యైనను ఆశింపని ఆ వృద్ధుడు, వాని సంతానమును సైతము చూడగల్గినందుకు దేవుని స్తుతించి వారిని కౌగిలించుకొనెను. ఇక తిమోతి యవ్వయగు లోయి పేరు వేదమంతటిలో నొక్కసారియే వచ్చినది. ఆమె ఏ కార్యములు చేసెనో మనకు తెలియదు. ఆమెయందున్న విశ్వాసము కుమార్తె ద్వారా మనుమనికి చేరెనన్న యొక్క సంగతికే ఆమె పేరు నిలిచినది.

పరదేశములందును ఈ సంగతి నెరిగిన మహనీయులు గలరు. ఫ్రెంచి మహాకవి విక్టర్ హ్యూగోగారి యింట దుఃఖములు పలుమారు సంభవించెను. 1843లో ఆయన పెద్దకుమార్తె నదిలో మునిగి మరణించెను. 1868లో భార్యయు, 1871లో కుమారుడగు షార్లును, 1873లో మరియొక కుమారుడును గతించిరి. ఇంకొక కుమార్తె మతి చలించి ఆశ్రయగృహమున నుండెను. షార్లు బిడ్డలగు జార్జి, జాన్ అను చిన్నవా రిద్దరును ఆయన కనులయెదుట పెరిగిరి. మన సామెత భాషలో చెప్పవలెనన్న, అసలు పోయినది, వడ్డి మిగిలినది. 1877లో, తన డెబ్బదియైదవ యేట, ఆయన ఆ మనుమలను గూర్చిన పద్యములను తాతగా నుండు విద్య యని యర్థమిచ్చు పేరుతో ప్రకటించెను. యూరపు ఖండమంతటను పేరుపొందిన ఆ వృద్ధుడు, తాతగా నుండుటయు నేర్చుకొనదగిన విద్యయే యని తలంచెను. మేమును అట్లే తలంచుచున్నాము.

ఇది కేవలము కవుల మాట యని తోచువారికి శాస్త్రజ్ఞుల మాటయు గలదు. ఫిన్లండు దేశపు లూథరను సంఘములలో జననములు, వివాహములు, మరణములు తరతరములుగా సంఘపు పుస్తకములయందు వ్రాయబడినవి. పరిశోధకులు ఆ పుస్తకములను, కెనడా దేశపు పూర్వకాలపు లెక్కలను పరిశీలించి, 2004లో నేచర్ అను శాస్త్రపత్రికలో తమ నిర్ణయమును ప్రకటించిరి. స్త్రీ ఏబది యేండ్లు దాటిన పిమ్మట జీవించిన ప్రతి పది యేండ్లకును సగటున ఇద్దరు మనుమలు అధికముగా నుండిరని వారు కనుగొనిరి. 1980వ దశకమున టాంజానియా దేశమందలి హడ్జా జనుల నడుమ క్రిస్టెన్ హాక్స్ అను విదుషీమణియు, ఆమె సహచరులును నివసించి చూడగా, అచ్చటి ముసలి స్త్రీలు కష్టించి దుంపలు త్రవ్వి తెచ్చుటయు, క్రొత్త శిశువుతో నున్న తల్లి అంతగా పనిచేయజాలని కాలమున అవ్వయే పెద్దబిడ్డలకు ఆహారము సమకూర్చుటయు వారికి కనబడెను. బిడ్డలను కను వయస్సు ముగిసిన పిమ్మటను స్త్రీకి దీర్ఘాయువేల కలిగినదను ప్రశ్నకు ఇదియే యుత్తరమని కొందరు శాస్త్రజ్ఞుల వాదము. ఈ వాదముపై ఇతరుల చర్చలు గలవు. అయినను అవ్వ యింటికి బరువనువారు ఈ లెక్కలను చూచుట మంచిది.

ఇక ఆక్షేపణకు వత్తము. అవ్వ గారాబము బిడ్డకు చేటని, తాత చేరదీసిన బాలుడు మాట వినడని తలిదండ్రులు చెప్పుదురు. ఉపాధ్యాయులలోను ఈ మాట యనువారు గలరు. ఇందు కొంత నిజము లేకపోలేదు. తండ్రి కోపపడిన వెంటనే తాత చాటున చేరు బాలురను మేమును ఎరుగుదుము. పైన చెప్పిన హ్యూగోగారే, ఏదో తప్పునకు చీకటి గదిలో వట్టి రొట్టెతో నుంచబడిన మనుమరాలికి రహస్యముగా పండ్ల మురబ్బా తీసికొనిపోయిన సంగతిని ఒక పద్యమునకు వస్తువుగా చేసికొనిరి. ఇంటివారు ఆయనను మందలించిరని ఆ పద్యమే చెప్పుచున్నది. అయితే ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి గలదు. ఇంటికి ధర్మశాస్త్రమును కావలెను, కృపయు కావలెను. తలిదండ్రులు ధర్మశాస్త్రపు పక్షమున నిలుతురు, వారు నిలువవలసినదే. తప్పు చేసినను తన్ను ప్రేమించు వారొకరు ఉన్నారని బిడ్డకు తెలియుట కృప. ఈ రెండును ఒక్క మనుష్యునియందే యుండుట మిక్కిలి యరుదు గనుక, దేవుడు ఇంటియందు రెండు తరముల పెద్దల నుంచెనని మాకు తోచుచున్నది. శిక్షను రద్దు చేయు తాత బిడ్డను చెరచును. శిక్ష ముగిసిన పిమ్మట ఒడిలోనికి తీసికొను తాత బిడ్డను నిలువబెట్టును.

తరగతిలో మాకు కనబడు సంగతి నొకటి చెప్పెదము. అవ్వ యొడిలో కథలు విన్న బిడ్డ మొదటి తరగతికి వచ్చునప్పటికే వినుట నేర్చియుండును. కథకు మొదలు, నడుమ, తుద యుండునని వానికి ఎవరును బోధింప నక్కరలేదు. పొడుపుకథకు జవాబు వెదకుటలో వాని బుద్ధి పదునెక్కియుండును. వామనగుంతలలో చింతగింజలు పంచినవానికి కూడికయు తీసివేతయు క్రొత్తవి కావు. కవ్వము, చేట, దూలము, వాసము మొదలగు మాటలు పుస్తకమున కనబడినప్పుడు అవి యేవని యడుగడు. క్రైస్తవ కుటుంబములలో అక్షరములు రాకమునుపే పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను కంఠస్థముగా పాడు పిల్లలు గలరు. వాటిని నేర్పినది బడి కాదు, అవ్వ. ఇట్టి బిడ్డను చెడినవాడని మేమెట్లు చెప్పగలము?

పెద్దలును కొన్ని సంగతులలో తగ్గవలెను. తాతకు దగ్గులు నేర్పవలెనా యని కొందరు కోపగింతురేమో. అయినను వైద్యులకు నేడు తెలిసినవి కొన్ని పూర్వము తెలియవు. శిశువునకు ఆరు మాసములు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్లైనను పోయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె తగిలించుట అపాయకరము. ఉగ్గుగిన్నె పట్టిన చేయి ప్రేమగలదే యైనను ఈ విషయములలో డాక్టరుగారి మాటయే వినవలెను. బిడ్డ యెదుట కోడలి తప్పు నెన్నుట, అల్లుని హేళన చేయుట, దయ్యముల కథలతో జడిపించి నిద్రపుచ్చుటయు మానదగినవి. తల్లి వలదన్నదానిని చాటున పెట్టు అవ్వ, బిడ్డకు మిఠాయితోబాటు అబద్ధమును కూడ తినిపించుచున్నది.

నేటి స్థితిని చూడగా మాకు చింత కలుగుచున్నది. 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయము సుమారు 32 యేండ్లు. శిశుమరణములు అధికముగా నుండుటచే ఆ సంఖ్య అంత తక్కువయైనది. అయినను ఆనాటి బిడ్డలలో అనేకులు తాతను చూడనే లేదు. నేడు సగటు ఆయుర్దాయము 70 యేండ్లకు సమీపించినది. 2011 జనాభా లెక్కలలో అరువది యేండ్లు నిండినవారు పది కోట్లకు పైగా నుండిరి. తాతయవ్వలు ఇంతమంది సజీవులై యున్న కాలము మన దేశమున పూర్వము లేదు. ఇట్టి కాలముననే మనము వారిని మనుమలకు దూరము చేయుచున్నాము. పట్టణమున రెండు గదుల యింట పెద్దలకు చోటు లేదు. దసరా, సంక్రాంతి, క్రిస్మసు సెలవులను, వేసవి సెలవులలో సగమును ప్రత్యేక తరగతులు మ్రింగుచున్నవి. ఊరిలో అవ్వ అరిసెలు చేసి డబ్బాలో పోసి, బస్సు వచ్చు వేళకు వాకిట నిలుచుండును. ఈసారి రాలేమను మాట ఫోనులో వచ్చును.

ఇందుకు విరుద్ధమైన పొరపాటును గలదు. పాలమూరు సీమనుండి కూలికి వలసపోవువారును, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవు పురుషులును, గోదావరి, కడప సీమలనుండి కువైటునకు ఇంటిపనికి పోవు స్త్రీలును బిడ్డలను ముసలివారియొద్ద విడిచి పోవుచున్నారు. పేదరికము చేయించు పని యిది. వారిని నిందింప మాకు నోరు రాదు. కాని యచ్చట తాతయవ్వలు తల్లియు తండ్రియు కూడ కావలసివచ్చును. వంట, బడి, జబ్బు, అప్పు అన్నియు వారి తలపైనే పడును. ఇక అమెరికాలో నున్న బిడ్డల యింట ప్రసవమైనప్పుడు, సందర్శకులకు సాధారణముగా నిచ్చు ఆరు మాసముల గడువునకు ఒకసారి ఈ వియ్యపురాలు, ఒకసారి ఆ వియ్యపురాలు వంతులుగా పోవుట మనకు తెలిసినదే. బిడ్డ అవ్వ ముఖమును గుర్తుపట్టి నవ్వు నాటికి ఆమె గడువు ముగియును. కొన్ని యిండ్లలో ఆమెను జీతము లేని దాదిగా చూచుటయు గలదు. పనికై పిలువబడిన చోట, మేము పైన చెప్పిన తీరిక యుండదు. తీరిక లేని చోట ఆ యానందమును సగమగును.

2007లో మన ప్రభుత్వమువారు తలిదండ్రుల, వృద్ధుల పోషణకై యొక చట్టము చేసిరి. ఆ చట్టమున తలిదండ్రులతోబాటు తాతయవ్వలకును పోషణ కోరు హక్కు గలదు. అది మంచి చట్టమే. అన్నమును, వస్త్రమును, వైద్యమును చట్టము ఇప్పింపగలదు. మనుమని తెచ్చి ఒడిలో కూర్చుండబెట్టజాలదు. ఆ పని ఇంటివారే చేయవలెను.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. పెద్దలు మీయొద్దనే యున్నచో, దినమునకు ఒక్క గంటయైనను బిడ్డను వారికి విడువుడు. ఆ గంటలో సెల్‌ఫోనును దూరముగా నుంచుడు, పాఠములు అడుగవద్దు. వారు ఊరిలో నున్నచో, సెలవులలో కొన్ని దినములైనను బిడ్డను వారియొద్ద నుంచి రండు. మార్కులు కొంత తగ్గిన పిమ్మట పెంచుకొనవచ్చును, పెద్దల ఆయుష్షును పెంచజాలరు. దూరదేశమున నున్నచో ఫోనులో ముఖములు చూచుకొనుటను తృణీకరింపవద్దు. నియమముగా ఒక వేళ నేర్పరచి, ఆ వేళకు ఒక కథయో కీర్తనయో చెప్పించుడు. బిడ్డను చూచుకొను భారమంతయు పెద్దలపై నుంచినచో, వారికి విశ్రాంతి దినమును మీరే యిండు.

పాఠశాల పక్షమున కూడ చేయదగినది గలదు. సెలవులకు వ్రాతపని నిచ్చునప్పుడు, పిల్లలు తమ తాతనో అవ్వనో అడిగి తెలిసికొనవలసిన పని నొక్కటి అందు చేర్చవచ్చును. ఒక పొడుపుకథ, ఒక యాట, చిన్ననాటి యొక సంగతి: ఈ మూడు చాలును. పరీక్ష తరగతులకు తప్ప తక్కినవారికి సెలవులలో ప్రత్యేక తరగతులు పెట్టకుండుటకు తోడి యుపాధ్యాయులు సమ్మతింతురని మా యాశ.

విద్యార్థులారా, మీరు ఈపాటికి ఉప్పుమూట యాట వయస్సు దాటితిరి. తాత చెప్పిన కథ మీకు ముందే తెలిసియుండును. అయినను మీ యింట చిన్న తమ్ముడో చెల్లెలో ఉన్నచో, వారిని సాయంకాలము తాతయొద్దకు నడిపించుకొని పొండు, మీరును ప్రక్కన కూర్చుండుడు. అవ్వ తనకు తెలిసిన కీర్తనను ఏ రాగమున పాడునో విని నేర్చుకొనుడు. కథ తెలిసినదే యైనను ఊ కొట్టుడు. తాతయవ్వలు లేనివారు వీథిలో నొంటరిగా నున్న ముసలివారి వాకిట కొంతసేపు కూర్చుండినను వారు మిమ్మును మనుమలుగానే యెంచుదురు. నయోమి కౌగిటిలోని బిడ్డయు ఆమె కుమారుని బిడ్డ కాడు గదా.